మాటతో తలుపు తీయించడం – 5వ పాఠం: వాదించొద్దు, నటించొద్దు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారా? ఎదుటివాళ్ల చివరి రెండు మూడు మాటల్ని అలాగే తిరిగి అనడం. చిలకపలుకుల్లా ఉందని మొదట్లో సిగ్గేసి ఉంటుంది. ఫర్వాలేదు, ఈ పాఠానికి ఆ అలవాటు కావాలి.

ఇంతవరకు మనం చూసిన, మనుషుల్ని బందీలుగా పట్టుకున్నవాళ్లందరికీ ఏదో ఒకటి కావాలి. డబ్బో, పారిపోయే దారో. వాళ్లతో బేరానికి చోటుంది. ఈసారి అవతలి మనిషి మన దగ్గర ఏమీ అడగడు. లేని ప్రమాదం నుంచి తనను తాను కాపాడుకుంటున్నాడు. తలుపు గడియ వేసింది తనే అయినా, అతని లెక్కలో బందీ కూడా తనే.

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. ఒకతను తమ్ముణ్ని గదిలో పెట్టి గడియ వేశాడు. చేతిలో కత్తి ఉంది. ‘వీడు నా తమ్ముడు కాడు, వాడి మొహం తగిలించుకొచ్చిన వేరేవాడు’ అంటున్నాడు. వినడానికి కథలా ఉన్నా ఇలాంటి భ్రమ నిజంగానే ఉంది. 1923లో ఫ్రెంచి మానసిక వైద్యుడు జోసెఫ్ కాప్‌గ్రా, తన సహచరుడితో కలిసి ఇలాంటి కేసును వివరించాడు. అందుకే దీనికి కాప్‌గ్రా భ్రమ అని పేరు. ఈ భ్రమ ఉన్నవాడు మొహం గుర్తుపడతాడు, ఆ మొహం చూస్తే కలగాల్సిన దగ్గరితనం మాత్రం కలగదు.

ఇక్కడ అందరి నోటికీ ముందు వచ్చే మాట: ‘అయ్యో, అతను నీ తమ్ముడేనయ్యా!’

ఆ మాట మింగేయండి. ఎన్ని సాక్ష్యాలు చూపినా సడలకపోవడమే భ్రమ లక్షణమని జర్మన్ మానసిక వైద్యుడు కార్ల్ యాస్పర్స్ 1913లోనే రాశాడు. 1959లో అమెరికాలోని ఇప్సిలాంటి మానసిక ఆసుపత్రిలో, తామే క్రీస్తులమని నమ్మే ముగ్గురిని ఒకచోట చేర్చారు. ఒకరినొకరు చూస్తే నమ్మకం కదులుతుందేమోనని ఆశ. రెండేళ్లు గడిచినా కదల్లేదు. మిగతా ఇద్దరి తప్పేమిటో చెప్పడానికి ఎవరి కథ వాళ్లు అల్లుకున్నారు. రెండేళ్లలో నిపుణుల వల్ల కానిది, ఒక్క రాత్రిలో తలుపు బయట నిలబడి మీరు చేయలేరు. పైగా ‘నీ తమ్ముడే’ అన్న ప్రతిసారీ, ఆ కుట్రలో మీకూ భాగం ఉందని అతనికి రుజువు దొరుకుతుంది.

రెండో తప్పు తెలివైనవాళ్లు చేసేది. ‘అవును, వాడు నకిలీయే, మాకూ తెలుసు, మాకు అప్పగించు’ అనడం. చూడ్డానికి దగ్గరి దారే. కానీ కత్తి పట్టుకున్నవాడికి నీదే నిజమని ముద్ర వేసేశారు. మరుక్షణం అతను ‘అయితే నా అసలు తమ్ముడెక్కడ?’ అని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. దొరికిపోతే ఇక మాటే ఉండదు.

మరి ఏం మాట్లాడాలి? భ్రమను పక్కన పెట్టి, దాని కింద ఉన్న భయంతో మాట్లాడాలి. భ్రమ అబద్ధం కావచ్చు, భయం నిజం.

‘వీడు నా తమ్ముడు కాడు.’

‘తమ్ముడు కాడు...’

‘కాడు! ఆ కళ్లు చూడండి, అవి వాడి కళ్లు కావు.’

‘ఆ కళ్లు చూసి మీకు భయం వేసింది.’

‘నిన్నటి నుంచి నిద్ర లేదు. నేను కళ్లు మూస్తే వాడేం చేస్తాడో!’

‘రాత్రంతా కాపలా కాశారు.’

(మౌనం. ఐదారు సెకన్లు. మధ్యలో దూరకండి.)

‘ఒక్కణ్నే కాశాను.’

ఆ ‘ఒక్కణ్నే’ మౌనం వల్ల వచ్చింది. మీరు ఇంకో ప్రశ్న వేసి ఉంటే రాదు. ఇంకో సంగతి గమనించారా? లోపలి మనిషిని ‘తమ్ముడు’ అని మన అంతట మనం అనలేదు, ‘నకిలీ’ అనీ అనలేదు. మామూలు కేసుల్లో బందీ పేరు పదేపదే పలకమని చెప్పాను, మనిషిగా కనిపించాలని. ఇక్కడ ఆ పేరే నిప్పు. ‘లోపల మీతో ఉన్న మనిషి’ చాలు.

తెలుగులో మాట్లాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. మన ‘అట’ చాలా ప్రమాదకరమైన అక్షరాలు. ‘కళ్లు వేరేగా ఉన్నాయట’ అని మీ పక్కవాడితో అన్నా అతనికి వెటకారంగానే వినిపిస్తుంది. ‘మీకు అలా అనిపిస్తోంది’ కూడా అంతే, ‘నిజానికి లేదులే’ అని దాని వెనక దాగి ఉంటుంది. ‘మీరు చూశారు’, ‘మీకు భయం వేసింది’ అనండి. టెన్షన్‌లో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’లోకి జారుతుంది, అదీ చూసుకోండి.

ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు: ‘నన్ను నమ్ముతున్నారా?’ జవాబు ముందే తయారుగా ఉండాలి. ‘మీరు చూసింది నేను చూడలేదు. మీరు అబద్ధం చెప్పట్లేదని మాత్రం నాకు తెలుసు.’ ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

ఇక విడుదల. ‘వదిలేయండి’ అంటే అతనికి నష్టంలా వినిపిస్తుంది. అతనికి కావాల్సింది నిద్ర, భద్రత. అందుకని: ‘ఆ మనిషి మీకు దూరంగా ఉంటే మీరు కాసేపు కళ్లు మూసుకోగలరా?’ ఇప్పుడు తలుపు తీయడం అతని అవసరం. ‘లొంగిపో’ అన్న మాట నోట రానివ్వొద్దు. ఒప్పుకున్నాక తొందరపడకండి. తలుపు తీస్తే బయట ఏం కనిపిస్తుందో ముందే చెప్పండి: ఎంతమంది ఉంటారు, యూనిఫాంలో ఎవరున్నారు, కత్తి ఎక్కడ పెట్టాలి. చెప్పని మనిషి ఒక్కడు కనిపించినా కథ మొదటికొస్తుంది.

ఇంకెవరికీ వినపడని గొంతులు అతనికి వినిపిస్తున్నాయేమో సూటిగా అడగండి. ‘ఏం చేయమంటున్నాయి?’ అనీ అడగండి. హాని చేయమంటున్నాయంటే వెంటనే టీమ్‌కి చెప్పాలి. తల్లినో భార్యనో ఫోన్లో కలపాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. వద్దు, ఆ భ్రమలో వాళ్లకి ఏ వేషం ఉందో మీకు తెలియదు.

1973లో న్యూయార్క్ పోలీసుల్లో సంప్రదింపుల బృందాన్ని మొదలుపెట్టిన హార్వీ ష్లాస్‌బర్గ్, ఫ్రాంక్ బోల్జ్‌ల గురించి రెండో పాఠంలో చదివారు. కాలం మన పక్షం అన్నది వాళ్ల పద్ధతికి మూలం. ఇక్కడ దాన్ని గుడ్డిగా పట్టుకోకండి. నిద్ర లేని ప్రతి గంటా భ్రమను ఇంకా బిగిస్తుంది.

ఇది శిక్షణ పొందిన బృందం చేసే పని. అనుకోకుండా మీరే ముందు అక్కడ ఉంటే పోలీసులకు ఫోన్ చేయండి, దూరంగా ఉండి మాట కొనసాగించండి, గదిలోకి మాత్రం వెళ్లొద్దు.

అభ్యాసం: స్నేహితుణ్ని కూర్చోబెట్టి, ‘నా ఫోన్లో ఎవరో దూరి నన్ను చూస్తున్నారు’ అని మొండిగా వాదించమనండి. పది నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత వింటూ, మీరు ‘కానీ’ అన్నది ఎన్నిసార్లో లెక్కపెట్టండి. ‘కానీ’ అన్నారంటే అప్పటిదాకా విన్నదంతా కొట్టేసినట్టే. నాకు మొదటిసారి 11 వచ్చాయి, అదీ ఒక్కటీ అనలేదని ప్రమాణం చేయబోయాక.