గోదావరి చెమ్మలో జాజ్ ప్లేట్లు: వెతకడం, కడగడం, దాచుకోవడం

మాది పాలకొల్లు. మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు తిరిగినన్నాళ్లూ నాకు పని ఉంటుంది. ఇటు ఆచంట, మార్టేరు, భీమవరం, అటు చించినాడ వంతెన దాటి రాజోలు, మలికిపురం దాకా వెళ్తుంటాను. ఆ తిరుగుడులోనే పదహారేళ్లుగా జాజ్, అంటే అమెరికాలో నల్లవాళ్ల మధ్య పుట్టిన సంగీతం, రికార్డులు పోగుచేస్తున్నాను. ఈరోజుకి ఎల్పీలు (నిమిషానికి 33 చుట్లు తిరిగే వినైల్ ప్లాస్టిక్ ప్లేట్లు) 140, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం ప్లేట్లు 63 ఉన్నాయి.

మా నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారు. ఊరేగింపు కూడలిలో ఆగినప్పుడు, పాట అయిపోయాక కూడా దాన్ని వదలకుండా రెండు నిమిషాలు సొంతంగా అల్లేవారు. డోలు ఆయన వెనకే నడిచేది. చాలా ఏళ్ల తర్వాత అమెరికా జాజ్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్ మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ కూడలే గుర్తొచ్చింది. జాజ్ మన చెవికి ఎక్కదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ముందు అందరూ కలిసి పల్లవి వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ దాని మీద తమ మనోధర్మం చూపిస్తారు, చివరికి మళ్లీ పల్లవి దగ్గరకొస్తారు. కచేరీ విన్నవాళ్లకు ఇందులో కొత్తేముంది? డేవ్ బ్రూబెక్ బృందం 1959లో రికార్డు చేసిన 'టేక్ ఫైవ్'కి తొడ మీద తాళం వేసి చూడండి. అయిదు దెబ్బలే. మనం ఖండగతిలో తక తకిట అంటాం, వాళ్లు మూడు ముందు పెట్టి తకిట తక అంటారు.

ఎక్కడ దొరుకుతాయి

మన ఊళ్లలో జాజ్ రికార్డులు అమ్మే షాపు లేదు. వెతకాల్సిన మొదటి చోటు పాత మైకుసెట్టు కొట్లు. క్యాసెట్లు రాకముందు పెళ్లికీ, జాతరకీ, టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందూ వేసింది ప్లేట్లే. వాళ్ల దగ్గర ఉన్నవి నూటికి తొంభై తొమ్మిది సినిమా పాటలు. ఆ మిగిలిన ఒక్కటి కోసమే మనం వెళ్లేది.

మొన్న జూన్‌లో రాజోలు దగ్గర ఒక పల్లెలో మోటారు బిగించి వస్తుంటే, తుప్పు పట్టిన బూర లౌడ్‌స్పీకర్ ఒకటి అరుగు మీద కనిపించింది. ఆగాను. ఎనభై దాటిన పెద్దాయన వాలుకుర్చీలో ఉన్నారు.

"బాబాయ్ గారూ, పాత ప్లేట్లేమైనా ఉన్నాయాండి?"

"పాటలవి అందరూ పట్టుకుపోయారండి. ఇంగ్లీషువి నాలుగైదు ఉన్నాయి ఆయ్. ఎవరడుగుతారులే అని అటక మీద పడేశాను."

రెండు చెక్కపెట్టెలు ఉండేవట. 1986 వరదలో కింద పెట్టిన పెట్టె నీళ్లలో నానిపోయింది, అటక మీదది మిగిలింది. దాంట్లో అయిదు ఇంగ్లీషు ప్లేట్లున్నాయి. మూడు డ్యాన్సు బ్యాండువి, ఒకటి బీటవారింది. అయిదోది హెచ్.ఎం.వి. లేబుల్ మీద బెన్నీ గుడ్‌మన్ క్వార్టెట్, 1936లో రికార్డు చేసిన 'మూన్‌గ్లో'. గుడ్‌మన్ క్లారినెట్, టెడ్డీ విల్సన్ పియానో, లయనెల్ హాంప్టన్ వైబ్రాఫోన్ (లోహపు పట్టీల మీద కొట్టి వాయించేది), జీన్ క్రూపా డ్రమ్స్. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే వేదిక మీద కూర్చుని వాయించడం అమెరికాలో అరుదైన ఆ రోజుల్లో ఈ నలుగురూ కలిసి వాయించారు. అలాంటి ప్లేటు గోదావరి లంకల్లో ఒక అటక మీద బతికి ఉంది. ఆయన యాభై రూపాయలు చాలన్నారు. నేను అయిదు వందలిచ్చాను. పెద్దవాళ్ల దగ్గర బేరమాడకండి. వాళ్లకి విలువ తెలియదని తక్కువకి కొట్టేయడం నాకు తప్పనిపిస్తుంది.

రెండో దారి సంక్రాంతి. పండక్కి సున్నాలు వేసేటప్పుడు ప్రతి ఇంట్లో అటక మీద సామాను కిందికి దిగుతుంది. పనికిరాదనుకున్న చెక్కాముక్కా భోగి మంటకు పోతుంది, మిగిలింది పాత సామాన్ల బండెక్కుతుంది. అందుకే డిసెంబర్ పదిహేను నుంచి భోగి దాకా తెలిసినవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచుతాను: నల్లటి గుండ్రటి ప్లేటు ఏది కనబడినా బండికి వేయకుండా నాకో ఫోన్ చెయ్యండి అని. మండువా లోగిళ్లు పడగొట్టేటప్పుడూ అంతే. మద్రాసులో చదువుకుని వచ్చిన డాక్టర్లు, ప్లీడర్లు, రైసుమిల్లుల వాళ్లు ఉన్న ఇళ్లలో ఇంగ్లీషు రికార్డులు దొరికే అవకాశం ఎక్కువ. నరసాపురం, కాకినాడ, యానాం వైపు పాత బంగళాల సామాను అమ్మకానికొస్తే కూడా వదలొద్దు.

పాత సామాన్ల కొట్లలో ఓపిక కావాలి. కాకినాడలో ఒక కొట్లో నాకు 'రాగా జాజ్ స్టైల్' దొరికింది. హిందీ సినిమా సంగీత దర్శకులు శంకర్ జైకిషన్ 1968లో హెచ్.ఎం.వి.కి చేసిన ఎల్పీ, రయీస్ ఖాన్ సితారు, పదకొండు రాగాలు. సితారుకి శాక్సఫోన్, ట్రంపెట్ జవాబు చెప్తుంటాయి. జాజ్ ఎప్పుడూ విననివాళ్లకి నేను మొదట వేసేది ఇదే.

కొనేముందు

ప్లేటుని ఎండలోకి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకోండి. నీడలో అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎండలో గీతలు, బూజు, అరుగుదల బయటపడతాయి. గోరు తగిలితే తెలిసేంత లోతు గీత ఉంటే పాటలో టక్ టక్‌మని వినబడుతూనే ఉంటుంది. పైపైన వెంట్రుకల్లాంటి గీతలు చాలావరకు వినబడవు, వాటికి భయపడొద్దు. మెరుపు పోయి బూడిదరంగు తిరిగిన గాడులు మాత్రం ముల్లు అరగదీసినవి. ఎంత కడిగినా ఆ శబ్దం తిరిగి రాదు.

78 ప్లేటు వినైల్ కాదు, లక్క. లక్కలో రాతిపొడి లాంటివి కలిపి అచ్చు వేసేవాళ్లు. కింద పడితే గాజులా పగులుతుంది. బీట కంటికి కనబడకపోవచ్చు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే మధ్య బెజ్జంలో వేలు పెట్టి ప్లేటుని వేలాడదీసి, అంచు మీద గోటితో చిన్నగా కొట్టండి. మంచి ప్లేటు ఖంగుమంటుంది. బీట ఉన్నది మొద్దుగా మోగుతుంది.

ఎల్పీ అయితే లేబుల్‌కీ ఆఖరి గాడికీ మధ్య ఖాళీ జాగాలో చెక్కిన అంకెలు, అక్షరాలు చూడండి. ఆ ప్లేటు ఏ అచ్చులోంచి వచ్చిందో వాటిని బట్టే తెలుస్తుంది. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత ఎల్పీల మీద ఆర్.వి.జి. అని ఉంటే అది పేరున్న సౌండ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ మాస్టరింగ్ (అచ్చుకి ముందు శబ్దం సరిచేసే పని) అని గుర్తు. అంకెలు రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఏ దేశం, ఏ ఏడాదో సరిచూసుకోవచ్చు. మనకు దొరికేవి ఎక్కువగా ఇండియాలో అచ్చయినవే. వాటిని తక్కువ చూపు చూడొద్దు. శుభ్రంగా ఉన్న మన దేశపు ప్లేటు, అరిగిపోయిన విదేశీ ప్లేటు కన్నా ఎంతో బాగా మోగుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే ఎండలో తీసిన ఫొటో అడగండి, వీలైతే మోగించిన వీడియో కూడా. ప్యాకింగ్ గురించి ముందే మాట్లాడుకోండి. ఒకసారి నాకు పలచటి కవర్లో చుట్టి పంపిన ప్లేటు మూడు ముక్కలై వచ్చింది.

కడగడం

మన దగ్గర నీళ్లతోనే సగం సమస్య. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆరాక గాడుల్లో తెల్లటి పొడి మిగులుతుంది, అదే ముల్లుకి చిటపటగా వినబడుతుంది. కాబట్టి ఆఖరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తోనే. బ్యాటరీ షాపులో డబ్బా దొరుకుతుంది.

రాజోలు ప్లేటు ఎలా కడిగానో చెప్తాను. ముందు మెత్తటి బ్రష్‌తో పొడి దుమ్ము దులిపాను. లేబుల్ తడవకుండా రెండు వైపులా రెండు ప్లాస్టిక్ మూతలు పెట్టాను. పంపుసెట్టు గ్యాస్కెట్ రబ్బరు ముక్కలు గుండ్రంగా కోసి ఆ మూతల అంచుకి అతికించుకున్నాను. బెజ్జంలోంచి ఒక బోల్టు దూర్చి చేత్తో బిగిస్తే చుక్క నీరు లోపలికి పోదు. పానా (స్పానర్) వాడి మరీ గట్టిగా తిప్పొద్దు, లక్క చిట్లుతుంది. గిన్నెడు డిస్టిల్డ్ వాటర్‌లో అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, పసిపిల్లల టూత్‌బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తోమాను. అడ్డంగా తోమకూడదు. మొదటి గిన్నె నీళ్లు టీ రంగుకి వచ్చాయి, రెండోసారి లేత పసుపు, మూడోసారి తేటగా. వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, వంటింటి ప్లేట్ల స్టాండులో నిలబెట్టి నీడన ఆరబెట్టాను. లక్క ప్లేటుని నీళ్లలో నానబెట్టొద్దు. పని అయిదు నిమిషాల్లో తేల్చేయాలి.

78 ప్లేటుకి స్పిరిట్ అసలు తగలనివ్వొద్దు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. మొదట్లో ఈ విషయం తెలియక ఒక డ్యూక్ ఎలింగ్టన్ ప్లేటు తుడిచాను. గుడ్డకి నల్లరంగు అంటుకుంది, ప్లేటు మీద గాడులు మసకబారిపోయాయి. ఆ బాధ ఇంకా ఉంది. వినైల్ ఎల్పీకి బూజు పడితే మాత్రం నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్‌కి ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి వాడొచ్చు. బూజు తుడిచేటప్పుడు మాస్కు పెట్టుకోండి. లోపలి కాగితం కవరు బయట పారేసి కొత్తది వేయండి. పాత కవర్లోనే పెడితే నెలకల్లా బూజు మళ్లీ వస్తుంది.

ముల్లు

ఎల్పీ గాడి సన్నం, 78 గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), 78 ముల్లు 75 దాకా ఉంటుంది. సన్నముల్లు వెడల్పు గాడిలో అడుగున దొర్లుతూ చెత్త శబ్దం తెస్తుంది. నా దగ్గర ఆడియో టెక్నికా ఎల్పీ120 ప్లేయర్ ఉంది, 33, 45, 78 మూడు స్పీడులూ తిరుగుతుంది. ఎల్పీలకి వీఎం95ఈ ముల్లు, 78కి అదే కార్ట్రిడ్జికి (ముల్లు తగిలించే చిన్న డబ్బీ) వీఎం95ఎస్పీ ముల్లు మారుస్తాను. అర నిమిషం పని. ముల్లు మారిస్తే అది ప్లేటు మీద మోపే బరువు కూడా సరిచూసుకోవాలి. వీఎం95ఈకి రెండు గ్రాములు. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి, కంటి అంచనా పనికిరాదు. సూట్‌కేసులా మూత పెట్టే చవక ప్లేయర్లు నేను సిఫారసు చేయను.

చెమ్మలో దాచడం

వానాకాలంలో మన ఇళ్లలో తేమ ఎనభై శాతం దాటేస్తుంది. బూజుకి అంతకన్నా ఏం కావాలి? ఇరవై ఏళ్లు హైదరాబాదులో బాగున్న రికార్డు ఇక్కడికొచ్చి ఒక్క శ్రావణ భాద్రపదాల్లో మచ్చలు పడటం చూశాను.

రికార్డుల్ని నిలువుగానే పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ఒరగనివ్వకూడదు. అలమర గోడకి జానెడు దూరంగా, నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉండాలి. మా ఇంట్లో వరద నీరు ఎప్పుడూ రాలేదు, అయినా రాజోలు బాబాయ్ గారి పెట్టెలు గుర్తుపెట్టుకుని కింది అర ఖాళీగా వదిలేశాను. బయటి ప్లాస్టిక్ కవరు మూతి అంటించొద్దు. లోపల చెమ్మ చిక్కుకుంటుంది. ప్రతి అరలో సిలికా జెల్ పెడతాను. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే షాపులో వైండింగ్ ఆరబెట్టే ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ వాడతాను. మీరు ఎర్రటి ఎండలో పెట్టినా కొంతవరకు ఆరతాయి. ఏడాదికి రెండుసార్లు, వానలయ్యాక ఒకసారి, మాఘమాసంలో ఒకసారి, అన్నీ బయటికి తీసి చూడాలి. చెదలు అట్టలతోనే మొదలుపెడతాయి.

రోహిణీ కార్తెలో కారులో రికార్డు వదిలేస్తే అప్పడంలా వంకర తిరుగుతుంది. ఇక దాన్ని సరిచేయడం చాలా కష్టం.

దొరికింది పంచుకోవడం

దొరికిన ప్రతి ప్లేటుకీ నేనొక చీటీ రాస్తాను: ఏ ఊరు, ఏ తేదీ, ఎవరింటి నుంచి, వాళ్లు చెప్పిన కథేమిటి. చీటీ కవర్లోనే ఉంటుంది. స్నేహితులకి ఫొటో పంపేటప్పుడు అట్ట ముందూ వెనకా, లేబుల్, చెక్కిన అంకెలు అన్నీ పంపుతాను. లోపాలు ముందు చెప్తాను. 'బాగుంది' అనే మాటకి అర్థం లేదు. 'మొదటి వైపు రెండో పాటలో ఆరుసార్లు టక్‌మంటుంది' అంటే అవతలివాళ్లకి తెలుస్తుంది.

ప్రతినెలా రెండో ఆదివారం సాయంత్రం మా డాబా మీద ఆరేడుగురం కూర్చుంటాం. ఒక్కొక్కరూ ఒక్క రికార్డే తెస్తారు. ఒక వైపు పూర్తిగా వేస్తాం, మధ్యలో మాట్లాడకూడదు. 78 అయితే మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి రెండుసార్లు వింటాం. పోయిన నెల 'మూన్‌గ్లో' వేసినప్పుడు రాజోలు బాబాయ్ గారిని ఆటోలో తీసుకొచ్చాను. ఆ ప్లేటు ఆయన ఎప్పుడూ మోగించలేదట. రెండోసారి వేసేటప్పటికి కళ్లు మూసుకుని కుర్చీ చేతి మీద వేళ్లతో క్రూపా డ్రమ్స్‌కి సరిగ్గా దెబ్బ వేస్తున్నారు.

ఇప్పుడు నేను వెతుకుతున్నది టెడ్డీ వెదర్‌ఫర్డ్ ప్లేట్లు. చికాగో నుంచి ఆసియాకి వచ్చి, బొంబాయి తాజ్‌లోనూ కలకత్తాలోనూ బ్యాండు నడిపి, 1945లో కలకత్తాలోనే కన్నుమూసిన పియానో విద్వాంసుడు. కలకత్తాలో కొలంబియా లేబుల్‌కి రికార్డులిచ్చారు. ఈ సంక్రాంతికి అటక దించేటప్పుడు ఆ పేరు కనబడితే ఎండలో పెట్టకండి, స్పిరిట్ తగలనివ్వకండి. ఒక పాత చీరలో చుట్టి నిలబెట్టి ఉంచండి. గోదావరి ఏ పాయకి అవతలున్నా నేనొచ్చి తీసుకెళ్తాను.