పత్తర్‌గట్టీలో తల పైకెత్తి నడవండి

చార్మినార్ చూసొచ్చామని చెప్పేవాళ్ళలో చాలామంది ఫొటో దిగి, గాజులు కొని, బిర్యానీ తిని వచ్చేస్తారు. మూసీ మీది నయాపూల్ వంతెన నుంచి పత్తర్‌గట్టీ రాతి దుకాణాల బజారు మీదుగా అక్కడిదాకా నడిస్తే ఇరవై నిమిషాల దారి, ఆ కాస్త దారిలోనే మన ఊరి కథ సగం ఉంది. దాన్ని ఆటోలో దాటేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే నేనెలా చూస్తానో చెప్తా.

ముందు టైము సంగతి. పొద్దున ఏడున్నరకల్లా అక్కడ ఉండండి. చాలా దుకాణాల షట్టర్లు పదిన్నర దాటితే గానీ లేవవు, లేచాక ఇక జనం, బండ్లు, బోర్డులే.

నేరుగా బజారుకి వెళ్ళొద్దు, ఏటి దగ్గర మొదలుపెట్టండి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ముందు ఆ చెట్టు కింద కాసేపు నిలబడితే తర్వాత చూసేదంతా అర్థమవుతుంది, ఎందుకంటే ఆ వరద తర్వాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని బాగుచేసే పని మొదలుపెట్టారు, పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస ఆ పనిలో భాగమే. వంతెన దాటుతుంటే కుడివైపు కనిపించే హైకోర్టు కూడా వరద తర్వాతి కట్టడమే.

మదీనా చౌరస్తా దాటాక దుకాణాల పక్కనే నడవకండి. రోడ్డుకి అటువైపు నిలబడి బోర్డుల పైన ఏముందో చూడండి. ఒకే కొలతతో వరుసగా రాతి కమాన్లు, వాటిపైన కిటికీలు. ఎక్కడ ప్లాస్టిక్ బోర్డు కమాను వంపుని మింగేసిందో, ఎక్కడ రాయి మీద పెయింట్ కొట్టేశారో మీకే తెలిసిపోతుంది. తర్వాత దగ్గరికెళ్ళి ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించండి. పొద్దున పూట రాయి చల్లగా ఉంటుంది, వేళ్ళకి ఉలి గాట్లు తగులుతాయి. ఎవరో కూలీ ఎండలో కూర్చుని చెక్కిన గాట్లవి, నాకు ప్రతిసారీ అక్కడే కాళ్ళు ఆగిపోతాయి.

ఇంకొంచెం ముందుకెళ్తే చార్ కమాన్, అంటే నాలుగు కమాన్లు. ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్. నాలుగింటి మధ్యలో గుల్జార్ హౌజ్, హౌజ్ అంటే నీటి తొట్టి. 1591లో చార్మినార్ కట్టిన కొద్దికాలానికే ఇవీ లేచాయి. పడమటి కమాను ఒకప్పుడు కుతుబ్‌షాహీల రాజమహలుకి దారి. మహలు పోయింది, దారి మిగిలింది.

పేర్ల మీద ఒక చెవి వేసి ఉంచండి. మండీ అంటే టోకు బజారు, గంజ్ అంటే ధాన్యం బజారు, దేవిడీ అంటే నవాబుల భవనం, దర్వాజా అంటే కోట గుమ్మం, ప్రతి పేరూ అక్కడ ఒకప్పుడు ఏముండేదో చెప్తుంది. పాత కోట గోడ దర్వాజాల్లో ఇప్పుడు నిలబడి ఉన్నవి దబీర్‌పురా, పురానాపూల్, ఈ రెండే. మిగతావి చాలావరకు బస్సు కండక్టర్ నోట్లోనే బతికున్నాయి.

ఇక మనుషులు. ఫోన్ తీసి మొహం మీద పెట్టకండి, దయచేసి. ముందు చాయ్ తాగండి, ఏదైనా కొనండి, సలాం చెప్పి "చాచా, పహలే యహా క్యా థా?" (బాబాయ్, ఇక్కడ మునుపు ఏముండేది?) అని అడగండి, అంతే. నేను లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒకాయన దగ్గర అలాగే కూర్చున్నా. నిప్పుల మీద లక్క మెత్తబడగానే చేత్తో సాగదీసి, కడ్డీలా దొర్లించి, గుండ్రంగా వంచి, వేడి ఆరేలోపే చిన్న చిన్న అద్దం ముక్కలు ఒక్కొక్కటే అద్దుతాడు. ఆలస్యమైతే అద్దం పట్టదు, తొందరపడితే వేలు కాలుతుంది. అరగంట చూశాక గాని నేను బేరమాడుతున్నది దేనికో నాకు అర్థం కాలేదు, ఆ రోజు అడిగినంతా ఇచ్చి వచ్చా.

విన్నది ఆ సాయంత్రమే రాసి పెట్టుకోండి, ఎవరు చెప్పారో, ఏ గల్లీలోనో కూడా. ఫొటో తీయనిస్తే ప్రింట్ వేయించి మళ్ళీ వెళ్ళినప్పుడు చేతికివ్వండి. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ గాజులాయన నన్ను మేడ మీదకి తీసుకెళ్ళి, వాళ్ళింటి పాత కిటికీ చెక్కడం చూపించాడు.