సీఓటూని పాతరేస్తే వచ్చే తిప్పలు: లక్షణం, కారణం, మందు

మాది కర్నూలు వైపు, ఉద్యోగం మాత్రం చాలా ఏళ్లు గోదావరి వైపు గ్యాస్ బావుల దగ్గర. మొన్న మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని, అదే సీఓటూని, భూమిలో పాతరేస్తారట కదా, అది మళ్లీ పైకి తన్నదా? లోపల గుహలేమన్నా ఉంటాయా?" అని అడిగాడు. గుహలేం ఉండవు, ఇసుకరాయి ఉంటుంది. నా టేబుల్ మీద అలాంటి ముక్క ఒకటి ఉంది, చూస్తే గట్టి రాయే, కానీ దాని మీద నీటి చుక్క వేస్తే నిలవదు, కళ్ల ముందే పీల్చేసుకుంటుంది. రేణువుల మధ్య ఉన్న ఆ సందుల్లోనే గ్యాస్ పట్టాలి. చిక్కేంటంటే కింద ఆ సందులు ఖాళీగా లేవు, సముద్రం కంటే ఉప్పగా ఉండే నీళ్లతో ఎప్పుడో నిండిపోయాయి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే కింద రాసినదాంట్లో సగం మీకే అర్థమైపోతుంది.

ఇంకో రెండు ముక్కలు చెప్పి అసలు విషయంలోకి వస్తా. సీఓటూని కనీసం 800 మీటర్ల కిందికి పంపుతారు, ఎందుకంటే 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి (మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి సుమారు ఒక బార్) దాటాక అది గ్యాసూ కాదు, ద్రవమూ కాదు అన్నట్టు చిక్కబడుతుంది. పైన 500 ఘనమీటర్లకు పైగా చోటు తినే ఒక టన్ను అక్కడ ఒకటిన్నర, రెండు ఘనమీటర్లలో సర్దుకుంటుంది. అయినా ఉప్పునీటి కంటే తేలికే కాబట్టి పైకి పోవాలనే చూస్తుంది. దాన్ని ఆపడానికి పైన మూతలాగా ఒక పొర ఉండాలి, మామూలుగా బంకమన్ను గట్టిపడి రాయైన షేల్. కాలం గడిచే కొద్దీ కొంత సందుల్లో ఇరుక్కుంటుంది, కొంత నీళ్లలో కరుగుతుంది, కొంత రాయవుతుంది.

ఇక జబ్బులు.

లక్షణం: పంపడం మొదలెట్టిన కొన్నాళ్లకే బావి మొరాయిస్తుంది, రోజూ అంతే గ్యాస్ పంపుతున్నా ఒత్తిడి పెరుగుతుంది

ముందు ఉప్పుని అనుమానించండి. పొడి సీఓటూ లోపలికి పోతూ బావి చుట్టూ ఉన్న నీటిని ఆరబెట్టేస్తుంది, నీళ్లు పోయాక మిగిలేది ఉప్పు. చినగంజాం కొటార్లలో ఎండకి జరిగేదే ఇక్కడ చీకట్లో గాలికి జరుగుతుంది. ఆ ఉప్పు రాయి సందుల్లో పేరుకుని గొంతు పట్టేస్తుంది. నార్వే ఉత్తరాన స్నోవిట్ గ్యాస్ క్షేత్రంలో 2008లో మొదలెట్టగానే ఇదే వచ్చింది. బావిలోకి వారం వారం గ్లైకాల్ మందు పోసి కడిగితే ఒత్తిడి దిగింది. అదే నార్వేలో అంతకుముందు, 1996లో స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రంలో సీఓటూ పంపడం మొదలైనప్పుడు ఇసుక వచ్చి బావిలో పడింది. కేసింగ్‌కి, అంటే బావి గోడలా దించే ఉక్కు గొట్టానికి, కొత్తగా రంధ్రాలు పెట్టి, కంకర, జల్లెడ వేశాక మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. ఇవన్నీ గొంతు జబ్బులు, వైద్యం సులువు.

లక్షణం: కడిగినా, జల్లెడ వేసినా ఒత్తిడి పెరుగుతూనే ఉంది

ఇది గొంతు కాదు, కడుపు జబ్బు. తేడా కనిపెట్టడానికి ఒక పని చేయండి: గ్యాస్ పంపడం ఆపి గేజి దగ్గర కూర్చోండి. ఒత్తిడి చకచకా దిగిపోతే అడ్డు బావి దగ్గరే ఉన్నట్టు. కొంచెం దిగి ఆగిపోయి, రోజులు గడిచినా పాత స్థాయికి రాకపోతే లోపలి రాయి మీరనుకున్నంత పెద్దది కాదన్నమాట. చుట్టూ మూసుకుపోయి ఉంది, లోపలున్న నీళ్లకి పక్కకి జరగడానికి దారి లేదు. కిక్కిరిసిన బస్సులోకి ఇంకొకడు ఎక్కాలంటే వెనకవాళ్లు జరగాలి, వెనక గోడే ఉంటే ఎక్కడికి జరుగుతారు?

స్నోవిట్‌లో ఉప్పు కడిగాక బయటపడిన అసలు రోగం ఇదే. ఒత్తిడి రాయి పగిలే స్థాయికి దగ్గరవుతుంటే 2011లో ఆ పొరని వదిలేసి, అదే బావిలో పైనున్న వేరే పొరకి రంధ్రాలు పెట్టి అందులోకి పంపారు. ఇది ఓటమి అని రాసినవాళ్లున్నారు. నాకైతే మంచి డాక్టరు పనిలా కనిపిస్తుంది, ఎందుకంటే రెండో పొర అక్కడ ఉందని వాళ్లకి ముందే తెలుసు. తెలియకుండా ఒక్క పొరని నమ్ముకుని వందల కోట్లు పోసేవాళ్ల సంగతే భయం.

రెండో వైద్యం నీళ్లు తోడేయడం. ఆస్ట్రేలియాలో బ్యారో ద్వీపం మీద గోర్గాన్ గ్యాస్ ప్రాజెక్టు అలాగే ప్లాన్ చేసింది: ఏడాదికి 40 లక్షల టన్నుల దాకా సీఓటూ లోపలికి పంపాలి, అదే పొర నుంచి నీళ్లు తోడి పైనున్న ఇంకో పొరలోకి వదలాలి. కాగితం మీద ముచ్చటగా ఉంది. ఎల్‌ఎన్‌జీ (గ్యాస్‌ని చల్లబరిచి ద్రవంగా మార్చింది) తయారీ 2016లో మొదలైతే సీఓటూ పంపడం 2019 ఆగస్టుకి గానీ మొదలవలేదు, పైపుల్లో నీళ్లు చేరితే తుప్పు పడుతుందన్న గొడవ ఒక కారణం. మొదలయ్యాక నీళ్ల బావుల్లోకి ఇసుక వచ్చి అవి పూడుకుపోయాయి. నీళ్లు బయటికి రాకపోతే గ్యాస్ లోపలికి పోదు, దాంతో అనుమతులిచ్చే శాఖ రేటు తగ్గించమంది. 2023-24లో లోపలికి పోయింది 16 లక్షల టన్నులే. సీఓటూ బావులు బాగానే ఉన్నాయి, పని చెడగొట్టింది నీళ్ల బావులు. గోదావరి వైపు చేపల చెరువుల వాళ్లని అడగండి, నీళ్లు పెట్టడం కంటే తీయడమే కష్టమని చెప్తారు.

కాబట్టి ఈ జబ్బుకి మందు ఆపరేషన్ తర్వాత కాదు, ముందే ఉంది. బావి తవ్విన వెంటనే నెలల తరబడి పరీక్ష పెట్టండి, రెండో పొర చూసుకోండి, తోడిన నీళ్లు ఎక్కడ పోస్తారో ఇసుకతో సహా లెక్కేసుకోండి.

లక్షణం: నేల లేస్తోంది

నవ్వకండి, నిజంగానే లేస్తుంది. అల్జీరియా ఎడారిలో ఇన్ సలా దగ్గర 2004 నుంచి సీఓటూ పంపారు, కింద సుమారు 1.9 కిలోమీటర్ల లోతున, 20 మీటర్ల మందం మాత్రమే ఉన్న బిగుతు రాయిలోకి. ఉపగ్రహం రాడార్‌తో కొలిస్తే బావుల పైన నేల ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లు ఉబ్బుతోందని తేలింది. ఒక బావి దగ్గర ఉబ్బు గుండ్రంగా కాకుండా మధ్యలో పాపిడి తీసినట్టు రెండు భాగాలుగా వచ్చింది. కింద రాయిలో నిలువుగా పగులు తెరుచుకుంటే పైన అలాంటి గుర్తు వస్తుంది. 2011లో ఆపేశారు, అప్పటికి లోపలికి పోయింది 38 లక్షల టన్నులు. మూత పొరని దాటి బయటికి వచ్చిందన్న దాఖలా లేదు, కానీ పగులు పైకి పాకుతున్నప్పుడు ఇంకా పంపుతూ కూర్చోవడం తెలివి కాదు కదా.

మందు: రేటు తగ్గించడం, ఇంకా ఎక్కువ బావుల్లోకి పంచడం, అదీ కుదరకపోతే ఆపడం. ఎడారి కాబట్టి రాడార్ కొలత అంత స్పష్టంగా వచ్చింది, వరి చేల మీద అలా రావడం కష్టం. పచ్చటి చోట అయితే స్థిరంగా ఉండే స్తంభాలు పాతి కొలుచుకోవాలి.

లక్షణం: చేలో గుంటలోంచి బుడగలు వస్తున్నాయి, జంతువులు చచ్చి పడి ఉన్నాయి

అందరూ భయపడేది దీనికే. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. కెనడాలో వేబర్న్ చమురు క్షేత్రం ఉంది, బొగ్గు నుంచి గ్యాస్ తీసే ఫ్యాక్టరీ సీఓటూని అక్కడికి పైపులో తెచ్చి, చమురుని బయటికి నెట్టడానికి 2000 నుంచి కిందికి పంపుతున్నారు. 2011లో ఒక రైతు కుటుంబం, తమ పొలం గుంటల్లో బుడగలు, నురగ, చచ్చిన జంతువులు ఉన్నాయని, ఇదంతా లీకేనని బయటపెట్టింది. వార్త ప్రపంచమంతా తిరిగింది.

ఎలా తేల్చారో చూడండి, ఇది మీకూ పనికొస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు కూడా మనలాగే ఊపిరి పీలుస్తాయి, ఆక్సిజన్ ఎంత తగ్గితే సీఓటూ దాదాపు అంత పెరుగుతుంది. కిందినుంచి లీకైన గ్యాస్ అయితే అలా కాదు, మట్టిలో ఉన్న గాలి మొత్తాన్ని పక్కకి నెడుతుంది, నైట్రోజన్ కూడా తగ్గుతుంది. ఇక రెండోది కార్బన్-14, అంటే బతికున్నవాటిలో ఉండి, చచ్చాక కాలంతో తరిగిపోయే ఒక రకం కార్బన్. బొగ్గు కోట్ల ఏళ్ల నాటిది, దాంట్లో కార్బన్-14 మిగలదు. నిన్న మొన్నటి గడ్డి, పేడ కుళ్లితే వచ్చే గ్యాస్‌లో ఉంటుంది. పొలంలో దొరికిన సీఓటూలో అది నిండుగా ఉంది. అంటే ఫ్యాక్టరీది కాదు, నేలదే.

ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టను. వాళ్ల పొలం కింద ఏదో పంపుతున్నారు, పైన బుడగలొస్తున్నాయి, ఎవరికైనా టెన్షనే. తప్పెక్కడంటే, అంతకుముందు ఆ మట్టిలో ఎంత సీఓటూ ఉండేదో ఒక ఏడాది పొడవునా, వానాకాలం ఎండాకాలం కలిపి కొలిచి పెట్టుకున్న లెక్క లేకపోవడం. అది ఉంటే వారంలో తేలిపోయేది.

లక్షణం: పాత బావిలో గ్యాస్ కనిపిస్తోంది, లేదా కేసింగ్ గొట్టాల మధ్య ఒత్తిడి ఎక్కుతోంది

ఇది మాత్రం నిజమైన లీకు అయ్యుండొచ్చు, వెంటనే కదలండి. నా అనుభవంలో రాయి చేసే మోసం కంటే మనం పొడిచిన కన్నాలు చేసే మోసం ఎక్కువ. సీఓటూ నీళ్లలో కరిగితే గోలీసోడానే, పళ్లు జివ్వుమనిపించే ఆ పులుపే ఇనుముని, సిమెంటుని మెల్లగా కొరుకుతుంది. ఇన్ సలాలో మొదటి అలారం నేల ఉబ్బు కాదు, 2007లో దగ్గర్లోని ఒక పాత అన్వేషణ బావి దగ్గర కనిపించిన కొంచెం గ్యాస్. బావిని మళ్లీ సిమెంటుతో మూసేశారు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం డెకేటర్‌లో 2024లో బయటపడింది ఇంకా చిత్రం: కాపలా కోసం తవ్విన పరిశీలన బావికే తుప్పు పట్టి, దాని గుండా సీఓటూ అనుమతి లేని పై పొరలోకి వెళ్లింది. తాగునీటి పొర ఇంకా చాలా పైన ఉంది కాబట్టి దానికి ముప్పు రాలేదు.

మందు: బావి మూసి, దెబ్బతిన్న చోటుకి పైనా కిందా సీఓటూని తట్టుకునే సిమెంటు దిగ్గొట్టడం. కొత్త బావైతే తడి తగిలే భాగానికి మేలైన ఉక్కు వాడటం. పొడి సీఓటూ మామూలు ఉక్కుని ఏమీ చేయదు, కాబట్టి పైపులోకి పంపే ముందే నీళ్లు తీసేయండి. అన్నిటికంటే ముందు, చుట్టుపక్కల ఎప్పుడో తవ్వి వదిలేసిన బావులు ఎన్ని ఉన్నాయో వెతకండి.

లక్షణం: పైపు పగిలింది

ఇది భూమి లోపలి సమస్య కాదు, కానీ మనుషులకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రమాదం ఇదే. 2020 ఫిబ్రవరి 22న మిసిసిపీలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర వానలకి నాని జారిన మట్టి సీఓటూ పైపుని తెంచింది. గాలి కంటే బరువు కాబట్టి పల్లానికి పాకింది. ఇంజన్లకి ఆక్సిజన్ అందక కార్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. సుమారు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆసుపత్రికి వెళ్లారు. ఎవరూ చనిపోలేదు.

మా తాత జొన్న పాతర తెరిచిన రోజు ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక పూట తెరిచి వదిలేసి, తర్వాత లాంతరు తాడు కట్టి దించేవాడు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాల్సిందే. లోపల గింజలు ఊపిరి పీల్చి వదిలింది కూడా సీఓటూనే. పైపు దగ్గర ఊళ్లవాళ్లకి చెప్పాల్సిందీ అదే: మెరకకి పొండి, గాలికి ఎదురుగానో అడ్డంగానో పొండి, బండి స్టార్ట్ అవుతుందని నమ్ముకోకండి. లాంతరుని మాత్రం నమ్ముకోవద్దు, దీపం వెలుగుతూనే ఉన్నా మనిషి కళ్లు తిరిగి పడిపోయేంత సీఓటూ ఉండొచ్చు, ఇప్పుడు మీటర్లు ఉన్నాయి.

లక్షణం: ఇసుకరాయి లేదు, మూత లేదు, ఉన్నదంతా నల్లరాయే

వికారాబాద్, ఆదిలాబాద్ వైపు వాళ్లకి ఈ రాయి తెలుసు, నల్లరేగడి పుట్టింది దాన్నుంచే. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు 2012లో సీఓటూని నీళ్లలో కలిపి ఇలాంటి బసాల్ట్‌లోకి పంపారు. కొన్నాళ్లకి పరిశీలన బావిలో పంపు ఆగిపోయింది. పైకి తీసి చూస్తే దాని మీద కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం, పేరుకుని ఉంది. గీజర్ కాయిల్‌కి గార పడితే మనం తిట్టుకుంటాం, వాళ్లు పండగ చేసుకుని ఉంటారు, ఎందుకంటే గ్యాస్ రాయైందనడానికి సాక్ష్యం చేతికే వచ్చింది. రెండేళ్లు తిరక్కుండా 95 శాతం రాయైందని 2016లో ప్రకటించారు. చిక్కు నీళ్లతో: టన్ను సీఓటూకి 25 టన్నుల దాకా కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) మన దక్కన్ బసాల్ట్ మీద అధ్యయనాలు చేసింది. బోర్లు ఎండిపోయే చోట ఆ నీళ్లు ఎక్కడివి అన్నది ముందు తేల్చాలి.

లక్షణం: బావులన్నీ బాగున్నాయి, వాతావరణం మాత్రం బాగుపడట్లేదు

ప్రపంచం బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏడాదికి వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అందులో సీఓటూని గాల్లో కలవకుండా పట్టుకునే సామర్థ్యం సుమారు 5 కోట్ల టన్నులు, అందులోనూ చాలా భాగం ఇంకా చమురు తోడుకోవడానికే పోతోంది. మోతాదు చాలదు, అంతే. అందుకే దీన్ని కరెంటు కోసం బొగ్గు కాల్చుకుంటూ పోవడానికి సాకుగా వాడితే నాకు చిరాకు, దానికి వేరే దారులున్నాయి. సిమెంటుకి మాత్రం లేవు. దాని సీఓటూలో సుమారు 60 శాతం సున్నపురాయిలోంచే వస్తుంది, సోలార్ పెట్టినా ఆగదు. నార్వేలో బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీ ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టి ఓడలో పంపుతోంది, సముద్రం అడుగున 2,600 మీటర్ల కిందికి 2025 ఆగస్టు నుంచి పోతోంది.

మన దగ్గర నల్గొండ, పల్నాడు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి కృష్ణా-గోదావరి బేసిన్ పెద్ద దూరమేం కాదు. రేపెప్పుడో ఎవరైనా ఆ లెక్క వేసుకుని కోనసీమకి వస్తే, పాశర్లపూడి వాళ్లకి వాళ్లు ఏం చెప్తారో వినాలనుంది. 1995లో అక్కడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది, ఆ వెలుగు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. రాయి గురించి స్లైడ్లు తర్వాత చూపించొచ్చు, ముందు ఆ చుట్టుపక్కల పాత బావుల జాబితా, ఒక్కో దాన్ని ఏ ఏడాది ఏ సిమెంటుతో మూశారో రాసిన కాగితం పంచాయతీ ఆఫీసులో పెట్టమనండి.