మల్టీప్లెక్స్‌కి వెళ్తున్నారా? ముందు హాల్ నంబర్ చూడండి

పది పన్నెండు స్క్రీన్లున్న మల్టీప్లెక్స్ బయటికి ఒకటే బిల్డింగ్, ఒకటే పేరు. లోపలికెళ్తే మాత్రం పది పన్నెండు వేరువేరు థియేటర్లు. ఒకదాంట్లో నాలుగు వందల సీట్లు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెర. పక్కదాంట్లో అరవై సీట్లు, ఆ తెర చూస్తే ఇంట్లోనే చూసుంటే పోయేదిగా అనిపిస్తుంది. ఒకే సినిమా ఒకే రోజు అరగంట తేడాతో ఆ రెండింట్లోనూ ఆడుతుంటుంది. మనమేమో యాప్ తెరిచి, టైమ్ కుదిరిందా లేదా అని చూసుకుని, దొరికిన సీటు నొక్కేస్తాం. నేనూ చాలా ఏళ్లు అంతే. ఒకసారి ఒక సినిమా చూసొచ్చి సౌండ్ ఏమీ బాలేదని కనిపించినవాళ్లందరికీ చెప్పాను, అదే మల్టీప్లెక్స్‌లో అదే సినిమా చూసిన ఫ్రెండ్ నాతో గొడవకి దిగాడు. టికెట్లు తీసి చూస్తే వాడిది 4వ నంబర్ హాలు, నాది 7.

అందుకని బుక్ చేసేటప్పుడు మొదట వెతకాల్సింది షో టైమ్ పక్కనో కిందనో చిన్న అక్షరాల్లో ఉండే హాల్ నంబర్. అది కనబడకపోతే సీట్ల మ్యాప్ తెరిచి వరసలెన్ని, ఒక్కో వరసలో సీట్లెన్ని లెక్కపెట్టండి. సీట్లు ఎక్కువుంటే చాలావరకు తెర కూడా పెద్దదే. రిక్లైనర్ హాళ్లకి మాత్రం ఈ లెక్క పనిచేయదు, అక్కడ తెర పెద్దదైనా సీట్లు పడుకునేలా ఉంటాయి కాబట్టి తక్కువే పడతాయి.

ఇంకో సంగతి. సినిమా రిలీజైన వారం పెద్ద హాల్లో ఉంటుంది, జనం పలచబడేకొద్దీ రెండో వారానికో మూడో వారానికో చిన్న హాల్లోకి జరుగుతుంది, పెద్ద హాలు కొత్త సినిమాకి పోతుంది. "రష్ తగ్గాక తీరిగ్గా చూద్దాంలే" అనుకునేవాళ్లకి రష్‌తో పాటు తెర కూడా తగ్గిపోతుందన్నమాట. పెద్ద తెరా కావాలి, గోలా వద్దు అంటే మొదటి వారంలోనే, సెలవు కాని రోజు, పొద్దున షోకి వెళ్లండి. నాకు తెలిసి మల్టీప్లెక్స్‌లో అంతకంటే మంచి బేరం లేదు.

ఇక టికెట్ మీద ఉండే రకరకాల పేర్లు. వీటిలో కొన్నిటికి నిజంగా విలువుంది, కొన్నిటికి సినిమాని బట్టి ఉంటుంది. ఐమ్యాక్స్ 1970లో ఒసాకా ఎక్స్‌పోలో మొదలైంది, అప్పటి ఆ నిలువెత్తు తెర ఆకారం 1.43:1, అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 1.43. ఇప్పుడు ఆ ఆకారం కొద్ది థియేటర్లలోనే ఉంది, చాలావాటిలో 1.90:1. మామూలు సినిమాలు ఎక్కువగా 2.39:1లోనో 1.85:1లోనో తీస్తారు, అంటే ఒకటి బాగా వెడల్పు, ఇంకోటి కాస్త ఎత్తు. ఐమ్యాక్స్ కోసమే తీసిన సీన్లుంటే బొమ్మ పైకీ కిందకీ పెరిగి తెరంతా నిండుతుంది, లేకపోతే 2.39:1 సినిమాకి పైనా కిందా నల్ల పట్టీలే. అప్పుడు మీరు ఎక్కువ డబ్బిచ్చేది తెర సైజుకీ సౌండ్‌కీ. అదీ మంచిదే, కాకపోతే తెలిసి ఇవ్వండి. బుక్ చేసేముందు ఆ సినిమాలో ఐమ్యాక్స్ సీన్లు ఉన్నాయా అని ఒక్కసారి వెతికితే తెలిసిపోతుంది.

డాల్బీ అట్మాస్ 2012లో వచ్చింది. పాత పద్ధతిలో సౌండ్‌ని "ఎడమ గోడ", "కుడి గోడ" అని గంపగుత్తగా పంపేవాళ్లు, ఇందులో ఒక్కో శబ్దాన్నీ విడిగా పట్టుకుని ఏ స్పీకర్ దగ్గర వినపడాలో అక్కడికే పంపొచ్చు, సీలింగ్‌లో కూడా స్పీకర్లుంటాయి, మొత్తం 64 దాకా వేరువేరుగా నడపొచ్చు. వర్షం, హెలికాప్టర్, అడవి ఉన్న సినిమాకి ఇది బ్రహ్మాండం. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సినిమాకి దీనికోసం ఊరు దాటి పోనక్కర్లేదు. లేజర్ ప్రొజెక్టర్ అని రాసుంటే దాన్ని మాత్రం పట్టించుకోండి. లేజర్ లేని ప్రొజెక్టర్లలో ఉండే జెనాన్ ల్యాంపులు వాడేకొద్దీ మసకబారతాయి, మార్చాల్సిన టైమ్‌కి మార్చకపోతే సినిమా మొత్తం సాయంత్రం ఆరున్నరకి తీసినట్టుంటుంది.

త్రీడీ గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. మామూలు టూడీ తెర వెలుగుకి ఉన్న ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు, త్రీడీ కళ్లద్దాలు దాటి కంటికి చేరేది చాలాచోట్ల అందులో మూడో వంతు దగ్గరే. రాత్రి సీన్లు, గుహలు, యుద్ధాలు ఎక్కువుండే సినిమాని త్రీడీలో చూడటమంటే డబ్బిచ్చి చీకటి కొనుక్కోవడం. అయినా చూడాలంటే మధ్య సీట్లే తీసుకోండి. త్రీడీకి వాడే వెండిపూత తెరలు వెలుగుని సూటిగా వెనక్కి కొడతాయి, పక్కన కూర్చున్నవాళ్లకి ఇంకా తగ్గుతుంది. కళ్లద్దాలు లోపలికి వెళ్లకముందే తుడుచుకోండి. కొన్ని రకాల కళ్లద్దాలతో తల పక్కకి వాలిస్తే బొమ్మ రెండుగా కనిపిస్తుంది, పక్కవాళ్ల భుజం మీద తల పెట్టుకుని చూసే ప్లాన్ ఉంటే టూడీకే వెళ్లండి. సీట్లు ఊగి, నీళ్లు చిమ్మే 4డీఎక్స్ లాంటివి సరదాగా ఒకసారి బాగుంటాయి, నడుంనొప్పి ఉన్నవాళ్లూ గర్భిణులూ వాటి జోలికి పోవద్దు, చేతిలో వేడి కాఫీ ఉన్నవాళ్లు కూడా.

సీటు సంగతికొద్దాం, అసలు కీలకం ఇదే. హాల్లో సౌండ్ సరిచేసే ఇంజినీర్లు మైకులు పెట్టి కొలిచేది తెర నుంచి వెనక గోడ వైపు దాదాపు మూడింట రెండొంతుల దూరంలో, మధ్యన. అంటే పదిహేను వరసలుంటే తెర వైపు నుంచి తొమ్మిదో వరస, పదో వరస, నడిమి సీట్లు. అక్కడ కూర్చుంటే ఎటువైపు శబ్దం అటువైపు నుంచే వస్తుంది. డైలాగులు వచ్చేది తెర వెనక మధ్యనున్న స్పీకర్ నుంచి (తెరంతా సన్నటి చిల్లులుంటాయి, దగ్గరికెళ్లి చూస్తే కనబడతాయి). గోడ పక్క చివరి సీట్లో కూర్చుంటే మీ చెవి పక్కనే ఉన్న స్పీకర్ మోతలో ఆ మాటలు కొట్టుకుపోతాయి. డైలాగులు అర్థం కాలేదని తిట్టుకునే సినిమాల్లో సగానికి కారణం ఇదేనని నా అనుమానం.

బొమ్మకి ఇంకో చిట్కా ఉంది. చెయ్యి బారచాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. తెర వెడల్పు కనీసం మూడు పిడికిళ్లు ఉండాలి, చివరి వరసకైనా 30 డిగ్రీలు ఉండాలన్నది థియేటర్ డిజైన్‌లో పాత లెక్కే. నాలుగు, నాలుగున్నర ఉంటే సినిమాలో మునిగిపోతాం. కంటి మట్టం నుంచి తెర పై అంచు మూడున్నర పిడికిళ్లు దాటిందంటే ఇంటికెళ్లాక మెడకి నూనె రాసుకోవాలి. లైట్లు ఆరకముందే కొలుచుకోండి, ఎవరేమనుకుంటే ఏంటి. అలా ఒక్కసారి కొలిచి ఆ హాల్లో మీకు నచ్చిన వరస ఏదో తెలుసుకుంటే మళ్లీ ఆ పని ఉండదు.

సీట్ల మ్యాప్ చెప్పని విషయాలు కొన్నున్నాయి. తెర ఎంత దూరమో అది చెప్పదు, రిక్లైనర్ హాల్లో ఐదో వరసే చివరి వరస కావచ్చు. ముందు నడవా ఉన్న వరసలో కాళ్లు బాగా చాపుకోవచ్చు, కానీ సినిమా అంతా ఎవరో ఒకరు తెరకి అడ్డంగా నడుస్తూనే ఉంటారు. తలుపు దగ్గరి సీట్లకి తలుపు తెరిచినప్పుడల్లా వెలుగు పడుతుంది. సబ్‌టైటిల్స్ చదవాల్సిన సినిమా అయితే మామూలుగా కూర్చునే వరస కంటే ఒకట్రెండు వరసలు వెనక తీసుకోండి, కళ్లు బొమ్మకీ అక్షరాలకీ మధ్య పరిగెత్తక్కర్లేదు. మెట్లు మెట్లుగా కాకుండా నేల చదునుగా ఉన్న హాల్లో ముందువాళ్ల తలలు సరిగ్గా ఆ అక్షరాల మీదే వస్తాయి, అలాంటిచోట నేనైతే వేరే హాలు వెతుక్కుంటాను.

వేసిన టైమ్‌కీ సినిమా మొదలయ్యే టైమ్‌కీ మధ్య యాడ్స్, ట్రైలర్లు ఎంతసేపుంటాయో ఒక్కో థియేటర్‌ది ఒక్కో లెక్క, మీరు ఎప్పుడూ వెళ్లేచోట ఒకసారి వాచీ చూసి గుర్తుపెట్టుకోండి. అలాగని ఆలస్యంగా రమ్మని కాదు, ఆ టైమ్‌లో మీకో పనుంది. ట్రైలర్ పడుతుండగా చూసుకోండి: బొమ్మ అంచులు తెర దాటి పక్కకి పోతున్నాయా, అక్షరాలు మసగ్గా ఉన్నాయా, ఒకవైపు స్పీకర్లు మూగబోయాయా, లైట్లు పూర్తిగా ఆరాయా.

ఎందుకంటే ఇప్పుడు వెనక గదిలో ఆపరేటర్ కూర్చుని చూస్తుంటాడనుకోవడం భ్రమ. సినిమా తాళం వేసిన ఫైల్‌గా వస్తుంది, దాన్ని తెరిచే కీ ఆ ఒక్క మెషీన్‌కి, ఇన్ని రోజులకి అని రాసుంటుంది (కొత్త సినిమా మొదటి షో లేటైతే ఒక్కోసారి కారణం ఆ కీ టైమ్‌కి రాకపోవడమే). పొద్దున షెడ్యూల్ పెట్టేస్తే రోజంతా షోలు వాటంతటవే పడతాయి. కాబట్టి హాల్లో ఏదైనా తేడా వస్తే అక్కడ కూర్చున్న మనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మనమేమో, రెండొందల మందిలో ఎవరో ఒకరు వెళ్లి చెప్తార్లే అని రెండొందల మందీ కూర్చుంటాం. ఒకచోట ఇరవై నిమిషాల పాటు మ్యూజిక్ వస్తోంది, మాటలు గుసగుసల్లా ఉన్నాయి, జనం ఈలలు వేస్తున్నారు గానీ లేవట్లేదు. చివరికి నేనే వెళ్లి చెప్తే వచ్చినతను "అయ్యో, ఎవరూ చెప్పలేదండీ" అని ఐదు నిమిషాల్లో సరిచేశాడు, మొదటి నుంచి మళ్లీ వేశారు. చెప్పేటప్పుడు పాప్‌కార్న్ కౌంటర్‌లో కాకుండా టికెట్ చూసే మనిషికో మేనేజర్‌కో చెప్పండి. "బాలేదు" అంటే వాళ్లకి ఏమీ అర్థం కాదు, "4వ హాలు, మధ్య స్పీకర్ రావట్లేదు, మాటలు వినబడట్లేదు" అనండి. బాగవ్వకపోతే ఇంకో షోకి టికెట్ అడగాలన్నా అప్పుడే అడగాలి, సినిమా అంతా చూసేసి వచ్చి అడిగితే ఎవరైనా నవ్వుతారు.

మిగతావి చిన్నచిన్నవి. షోలన్నీ ఒకేసారి మొదలవ్వవు కాబట్టి తినుబండారాల లైన్ కూడా అలలు అలలుగా వస్తుంది, మీ షోకి ఐదు నిమిషాల ముందు వెళ్తే అల మధ్యలో దొరికిపోతారు. టాయిలెట్ పెద్ద హాలు పక్కనున్నది కాకుండా కారిడార్ చివరిది చూసుకోండి. చలికి ఒక శాలువా. చిన్నపిల్లలుంటే చెవులకి పెట్టే మఫ్స్ తప్పనిసరి, ప్రమాణం ప్రకారం పెట్టిన హాల్లో ఒక్కో స్పీకర్ ఛానెల్ నుంచి ఒక్క క్షణం పాటు 105 డెసిబెల్స్ దాకా రావచ్చు. పార్కింగ్‌లో స్తంభం నంబర్ ఫొటో తీసుకోండి. టికెట్ గేటు దగ్గరే చూసి వదిలేస్తారు, ఆ తర్వాత తలుపులన్నీ ఒకేలా ఉంటాయి, నేనొకసారి పక్క హాల్లో దర్జాగా కూర్చుని మూడు ట్రైలర్లు చూశాక ఆ సీటు అసలు మనిషి వచ్చి లేపాడు. సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే కదలకండి. లిఫ్టుల దగ్గర తొక్కిడి తగ్గుతుంది, అంత మంచి స్పీకర్లలో మ్యూజిక్ ఎవరూ మాట్లాడకుండా వినే అవకాశం కూడా అప్పుడే.

బయటికొస్తూ ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి. మేము ఎక్కువగా వెళ్లే మల్టీప్లెక్స్ గురించి నా ఫోన్‌లో ఇలా ఉంది: "4 – హెచ్ వరస, 11, 12. 2 – పర్లేదు, ఎడమ చివర వద్దు. 9 – త్రీడీ చీకటి. 7 – ఊరికే ఇచ్చినా వద్దు."