రాజ్యసభలో ఒక బిల్లుకి ఎంత టైమ్ ఇచ్చారో మనమే చూసుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్‌లో నలుగురం తెలుగోళ్లమే. మొన్న ఒక తమ్ముడు "అన్నా, రాజ్యసభలో అరుచుకోవడం తప్ప ఇంకేం చేస్తారు" అన్నాడు, ఫోన్‌లో అర నిమిషం క్లిప్పులే చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, అందుకే నేను ఎలా ఫాలో అవుతానో రాస్తున్నా.

ముందు ఒక్క బిల్లు పట్టుకోండి. సెషన్ మొత్తం చూసేద్దాం అనుకుంటే రెండో రోజుకే వదిలేస్తారు. సంసద్ డాట్ ఇన్ సైట్‌లో రాజ్యసభ వైపు వెళ్తే లిస్ట్ ఆఫ్ బిజినెస్ అని ఆ రోజు పనుల పీడీఎఫ్ ఉంటుంది, అందులో మీ బిల్లు పేరుందా చూడండి, ఉన్నా సభ వాయిదా పడితే ఆ రోజు రాకపోవచ్చు.

సభ ఉదయం 11కి మొదలవుతుంది, మొదట కాగితాలు సభ ముందు పెడతారు, తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు అర్జెంటు సమస్యలు లేవనెత్తే టైమ్, ఒక్కొక్కరికి 3 నిమిషాలు. సభ్యుల ప్రశ్నలకి మంత్రులు జవాబిచ్చే క్వశ్చన్ అవర్ 12కి, 2014 చివర్లో మార్చారు, అంతకుముందు 11కే ఉండేది. 1కి లంచ్. బిల్లుల పని ఎక్కువగా 2 నుంచి 6 మధ్యలోనే, కాబట్టి ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో ఇరుక్కున్నప్పుడు సంసద్ టీవీ రికార్డింగ్‌లో ఆ భాగం చూస్తే చాలు.

శుక్రవారం మాత్రం 2:30 నుంచి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులవి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, తమిళనాడు ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లుని 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ పాస్ చేసింది, లోక్‌సభలో ముందుకు పోలేదు గానీ 2019లో కేంద్రమే ఆ విషయం మీద వేరే చట్టం తెచ్చింది.

ఇప్పుడు అసలు లెక్క. ఏ బిల్లుకి ఎన్ని గంటలో బిజినెస్ అడ్వైజరీ కమిటీ ముందే అనుకుంటుంది, ఆ గంటల్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు, అందుకే చిన్న పార్టీల వాళ్లు సగం చెప్పేలోపే టైమ్ అయిపోయిందంటారు. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎంత టైమ్ ఇచ్చారు, చర్చ ఎప్పుడు మొదలైంది, మంత్రి జవాబు ఎప్పుడు మొదలుపెట్టారు, క్లాజుల మీద, అంటే బిల్లులోని ఒక్కో నిబంధన మీద, ఓటింగ్‌కి ఎంతసేపు పట్టింది. ఈ చివరిది తప్పకుండా చూడండి, చట్టంలో ప్రతి మాటా ఖాయమయ్యేది అక్కడే, చాలాసార్లు అది నిమిషాల్లో అయిపోతుంది, నాకు బాధనిపించేది అక్కడే.

చర్చ టైమ్ వేస్ట్ అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ప్రత్యేక హోదా హామీ విభజన చట్టంలో వెతికితే దొరకదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆ బిల్లు మీద చర్చ జరుగుతుంటే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్లు ఇస్తామని సభలో చెప్పిన మాట అది, మనవాళ్లు ఇన్నేళ్లుగా నిలదీస్తున్నది ఆ రోజు రికార్డు పట్టుకునే. ఆ రోజు ప్రొసీడింగ్స్ ఒక్కసారి చదవండి.

మనీ బిల్లయితే, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి వాటి బిల్లయితే, రాజ్యసభ చేతిలో ఉండేది 14 రోజులే, సూచనలు చేయొచ్చు, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం లోక్‌సభ ఇష్టం.

ఇంకోటి, సభలో టైమ్ తక్కువ కనిపించినా బిల్లు ముందు ఎంపీల కమిటీకి వెళ్లిందేమో చూడండి, అక్కడ నెలల తరబడి పని జరుగుతుంది. శాఖలవారీ కమిటీలు 24 ఉంటే వాటిలో 8 రాజ్యసభ కిందివి. వాళ్లు జనాన్ని సూచనలు పంపమని పేపర్లో ప్రకటన ఇస్తుంటారు, మామూలుగా ఇంగ్లీష్‌లో గానీ హిందీలో గానీ రాయమంటారు, గడువు తక్కువే ఉంటుంది కాబట్టి ప్రకటన కనిపించిన రోజే రాయడం మొదలుపెట్టండి, ఫలానా క్లాజులో ఫలానా మాట ఇలా మార్చండి అని నంబర్ వేసి మరీ రాయండి.