అమెరికా పల్లెటూరి పూర్వీకుడి బతుకు ఎలా తవ్వి తీయాలి?

అల్లుడో కోడలో అమెరికన్ అయిన తెలుగు ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. పిల్లలకి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇస్తే మనవైపు ఎవరినో ఒకరిని అడిగి రాసేస్తాం, అటువైపు మాత్రం 'నెబ్రాస్కాలో రైతట' అన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోతాం. ఆ రైతు ఎలా బతికాడో తెలియాలంటే పేర్ల కంటే పొలం కాగితాల మీద ఎక్కువ టైం పెట్టండి.

ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు పట్టుకోండి. రాష్ట్రం పేరు ఒక్కటే ఉంటే లాభం లేదు, పెళ్లి, భూమి, వీలునామా కాగితాలు ఎక్కువ చోట్ల కౌంటీ ఆఫీసుల్లోనే ఉంటాయి.

తర్వాత జనాభా లెక్కలు. వంశవృక్షాల సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో అకౌంట్ తెరిస్తే ఉచితంగానే చూడొచ్చు. 72 ఏళ్లు దాటితేగానీ బయటపెట్టరు కాబట్టి 1950 నుంచి వెనక్కి నడవండి. 1900 దగ్గర కాస్త ఆగండి, పెళ్లయి ఎన్నేళ్లు, తల్లి ఎంతమందిని కన్నది, ఎందరు బతికున్నారు అని అందులో రాశారు. ఎనిమిదీ ఐదూ అని పక్కపక్కనే కనిపిస్తే ఇంకేం చెప్పాలి. 1890 పుస్తకాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి, అది దొరకలేదని టెన్షన్ పడొద్దు. పేరు కనిపించకపోతే భార్య పేరుతోనో పిల్లల పేర్లతోనో వెతకండి, రాసేవాళ్లు చెవికి వినబడినట్టు రాసుకుపోయారు. పూర్వీకులు బానిసలైతే 1870కి ముందు దారి చాలా కష్టం, 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు కిందే వయసు, ఆడా మగా అని ఉంటుంది తప్ప వాళ్ల పేర్లు దాదాపు ఉండవు.

1850 నుంచి 1880 దాకా జనాభా లెక్కలతో పాటు తీసిన వ్యవసాయ పట్టికలు వేరుగా ఉన్నాయి, చాలామంది వాటి జోలికే వెళ్లరు. ఎన్ని పాడి ఆవులు, ఎంత మొక్కజొన్న, ఇంట్లో ఎన్ని పౌండ్ల వెన్న తీశారు, అన్నీ ఉంటాయి. మరీ చిన్న పొలాలను మాత్రం వదిలేశారు.

ఇక అసలు సంగతి, భూమి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వ భూమి 160 ఎకరాల దాకా తీసుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా ఇచ్చేవారు. ఆ పట్టాలను అక్కడి ప్రభుత్వ భూముల శాఖ, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, కానీ పట్టాలో పేరు, తేదీ, భూమి హద్దులు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. దాని వెనకున్న ఫైలు కావాలి, అది అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది, పట్టా వివరాలు ఇచ్చి కాపీ అడగాలి. అందులో ఏముంటుందంటే, నెబ్రాస్కాలో 1863 జనవరి 1న, అంటే చట్టం అమల్లోకొచ్చిన రోజే, దరఖాస్తు పెట్టిన డేనియల్ ఫ్రీమన్ సంగతి చూడండి. 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న ఇల్లు, సాగు చేసిన సుమారు 35 ఎకరాలు, గొర్రెల కొట్టం, 40 ఆపిల్ చెట్లు, 400 దాకా పీచ్ చెట్లు, ఇవన్నీ ఆయన ఫైల్లో ఉన్నాయి! విదేశం నుంచి వచ్చినవాడైతే పౌరసత్వం కాగితాలు కూడా ఉంటాయి. మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్ల పేర్లు పట్టాల సైట్‌లో కనిపించవు, కానీ వాళ్ల ఫైళ్లు కూడా ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు, అడిగి చూడండి.

ఫైల్లో సాక్షి సంతకాలు పెట్టిన ఇరుగుపొరుగు పేర్లు రాసిపెట్టుకోండి, వాళ్లలో బావమరుదులూ వియ్యంకులూ బయటపడుతుంటారు.

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) సైన్యంలో పనిచేసి చనిపోయినవాడైతే భార్య పెట్టుకున్న పింఛను ఫైలు, చివర్లో, మనిషి చనిపోయాక కౌంటీ కోర్టులో రాసిన ఆస్తి జాబితా కూడా అడగండి, నాగలి నుంచి వంటగిన్నెల దాకా రాసినవి దొరుకుతాయి. ఇంకా ఓపిక ఉంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా సైట్‌లో పాత పల్లె పత్రికలు ఉచితంగా ఉన్నాయి. ముందు ఊరి పేరుతో వెతికి, ఆ తర్వాత ఇంటిపేరు వేసి చూడండి.