టైర్లలో గాలి చూసుకునే ముందు

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. కనీసం 3 గంటలు ఆగి ఉండాలి. బెజవాడ మే ఎండలో గుంటూరు నుంచి వారధి దాటి వచ్చిన టైరు నాలుగైదు పాయింట్లు (పీఎస్ఐ, అంటే గాలి ఒత్తిడి కొలత) ఎక్కువే చూపిస్తుంది. ఎక్కువుందని తీసేయకండి! చల్లారాక అసలుకన్నా తక్కువైపోతుంది. నాకు అన్నిటికన్నా భయం ఈ పొరపాటే.

• ఎంత కొట్టించాలో డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద అచ్చుపోసిన అంకె గరిష్ఠ పరిమితి, అది చూసి కొట్టించొద్దు.

• ఇంటిల్లిపాదీ, సామానూ ఎక్కితే వెనక టైర్లకు వేరే అంకె ఉండొచ్చు.

• గేజ్ పెట్టినప్పుడు బుస్సుమంటుంటే సరిగా కూర్చోలేదు, మళ్లీ పెట్టండి.

• తీసిన వాల్వు మూత జేబులో వేసుకోండి. బిగించేముందు వాల్వు మీద సబ్బునీటి చుక్క వేయండి, బుడగ లేస్తే లీకే.

• స్టెప్నీ కూడా.